అర్థమయ్యీ కానట్టుండే మాటలు

ఫాంటసీ కథల్లో మాంత్రికుడి చేతిలో మంత్రదండం లేకపోయినా నోట్లో మాట మాత్రం ఉండి తీరుతుంది. ఆంగ్లంలో మంత్రాన్ని సూచించే ‘స్పెల్’ అన్న పదానికి పూర్వం మాట, కథ అన్నవే అర్థాలు. సువార్తకు పేరైన ‘గాస్పెల్’ చివర ఉన్నదీ అదే. సినిమా తారల తళుకుకు వాడే ‘గ్లామర్’ అయితే ‘గ్రామర్’ అన్న మాటే స్కాట్లండ్‌లో రూపం మారి, కనికట్టు అన్న అర్థం తెచ్చుకున్నది. వ్యాకరణంతో కుస్తీ పట్టినవారికి ఇది నమ్మబుద్ధి కాదు గానీ, చదువురానివారి కళ్లకు లాటిన్ పుస్తకమేదైనా మంత్రాల పుస్తకంలాగే కనిపించి ఉంటుంది.

అందరికీ తెలిసిన ‘అబ్రకదబ్ర’ తొలిసారి కనిపించేది గారడీలో కాదు, వైద్యంలో. సెరెనస్ సమ్మోనికస్ పేరిట దొరుకుతున్న ప్రాచీన లాటిన్ వైద్య పద్యగ్రంథం దీన్ని జ్వరానికి చికిత్సగా చెబుతుంది. రోమన్ లిపిలో 11 అక్షరాల ఈ మాటను ఒక పత్రంపై రాసి, దాని కింద చివరి అక్షరం వదిలేసి మళ్లీ రాసి, అలా వరుసకొక అక్షరం తగ్గించుకుంటూ చివరికి ‘ఎ’ ఒక్కటే మిగిలేదాకా వెళ్లి, ఆ పత్రాన్ని నారదారంతో రోగి మెడలో కట్టాలి. అక్షరాలు తరిగినట్టే జ్వరమూ తరగాలన్న ఆశ ఆ త్రికోణంలోనే కనిపిస్తుంది. ఈ మాట మూలాన్ని హీబ్రూలో, అరమాయిక్‌లో వెతికినవారు చాలామందే ఉన్నా, అందరూ ఒప్పుకున్న జవాబు మాత్రం లేదు.

హ్యారీ పోటర్ నవలల్లో ప్రాణం తీసే ‘అవాడా కెడావ్రా’ పాత అరమాయిక్ మంత్రమని, ‘అబ్రకదబ్ర’కు మూలం అదేనని ఆ నవలల రచయిత్రి రౌలింగే చెప్పారు. ఆంగ్ల పాఠకుడి చెవికి అందులో శవమన్న అర్థమిచ్చే ‘కడావర్’ కూడా తగులుతుంది. ఆ నవలల్లోని మంత్రాలు చాలావరకు లాటిన్ నుంచి తెచ్చుకున్నవే: ‘లూమోస్’ వెనుక వెలుగు అనే అర్థమున్న ‘లూమెన్’ ఉంది; వస్తువును రప్పించే ‘ఆక్సియో’, పిలుస్తున్నాను అనే అర్థంలో, ఏ మార్పూ లేని లాటిన్ క్రియ. ఈ ఎంపికలో తెలివి ఉందని నా అభిప్రాయం. ‘ఎక్స్‌పెల్లియార్మస్’ అన్న మాటను మొదటిసారి విన్నవారికీ గెంటివేత, ఆయుధం రెండూ లీలగా వినిపిస్తాయి. పూర్తిగా అర్థమై ఉంటే అది మామూలు ఆజ్ఞలా ఉండేది.

అలీబాబా కథ దీనికి విరుద్ధమైన దారి పట్టింది. గుహ తలుపు తెరిచే మాట నిత్యం చూసే నువ్వుల పేరే. ధనరాశి మధ్య నిలబడి దాన్ని మరిచిపోయిన అలీబాబా అన్న కాసింకు అదొక గింజ అన్నంతవరకే గుర్తుంది. బార్లీ అన్నాడు, తోచిన ధాన్యాలన్నిటి పేర్లూ చెప్పాడు, తలుపు కదలలేదు.