పావులూరి పద్యం నుంచి నాలుగు కోట్ల అంకెల దాకా

2024 అక్టోబరులో కొత్త రికార్డు ప్రధాన సంఖ్య (1తో, తనతో తప్ప దేనితోనూ భాగం పోనిది), అప్పటికి తెలిసినవాటిలో అతి పెద్దది, బయటపడింది: 2 పవర్ 13,62,79,841 లోంచి 1 తీసేస్తే వచ్చేది. పూర్తిగా రాస్తే 4,10,24,320 అంకెలు. కొన్ని దశాబ్దాలుగా ఈ రికార్డు దాదాపు ఎప్పుడూ ఇదే ఆకారంలో ఉంటోంది. ఎందుకో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

ఈ ఆకారం గోదావరి వాళ్లకి కొత్తది కాదు. రాజమహేంద్రవరంలో రాజరాజ నరేంద్రుడు ఏలిన 11వ శతాబ్దం నాటివాడని చెప్పే పావులూరి మల్లన, చదరంగం గళ్లలో ఒకటి, రెండు, నాలుగు అని రెట్టిస్తూ పోతే మొత్తం ఎంతవుతుందో పద్యంలో పెట్టాడు. 'శర శశి షట్క చంద్ర' అని మొదలవుతుంది. శర అంటే 5, శశి 1, షట్కం 6, ఇలా ఒకట్ల స్థానం నుంచి ఎడమకి పేర్చుకుంటూ వెళ్తే 18446744073709551615 వస్తుంది, అంటే 2 పవర్ 64 లోంచి 1 తీసేసిన సంఖ్య, ఒక్క అంకె కూడా తేడా లేకుండా! అమలాపురంలోనైనా భీమవరంలోనైనా లెక్కల క్లాసులో పిల్లలకి ఇది చెప్పి తీరాలి.

ఇది ప్రధాన సంఖ్యేనా? కాదు. మొదటి మాటే 'శర', అంటే చివరి అంకె 5, కాబట్టి 5తో భాగం పోతుంది. అసలు పవర్ ప్రధాన సంఖ్య కాకపోతే ఫలితం కూడా కాదు, 64 దగ్గరే కథ అయిపోయింది. పోనీ పవర్ ప్రధాన సంఖ్య అయితే చాలా అంటే అదీ చాలదు: 2 పవర్ 11 లోంచి 1 తీస్తే 2047, అది 23 × 89.

1644లో ఫ్రాన్స్‌లో మెర్సెన్ అనే సన్యాసి 257 వరకు ఏ పవర్లు పనికొస్తాయో జాబితా ఇచ్చాడు. అందులో 67, 257 తప్పు. 61, 89, 107 వదిలేశాడు. అయినా ఈ సంఖ్యలకి ఆయన పేరే నిలిచింది.

నా దృష్టిలో అసలు మలుపు 1876లో ఫ్రెంచి గణితవేత్త ల్యూకాది. చిన్న సంఖ్యలు ఒక్కోదానితో భాగించి చూడక్కర్లేని పరీక్ష కనిపెట్టాడు, తర్వాత దాన్ని అమెరికా గణితవేత్త లేమర్ సరళం చేశాడు. 4తో మొదలుపెట్టి వర్గం చేసి 2 తీసేయాలి, మన సంఖ్యతో భాగించి శేషం ఉంచుకోవాలి, మళ్లీ అదే పని, పవర్ కంటే రెండు తక్కువ సార్లు. చివరికి సున్నా వస్తే ప్రధాన సంఖ్య, రాకపోతే కాదు. 31 అంటే 2 పవర్ 5 లోంచి 1 తీసేసినది, కాబట్టి దానికి మూడుసార్లు చాలు: 14, 8, 0. ఇంత తేలికైన పరీక్ష ఈ ఆకారానికి ఉంది కాబట్టే వేట ఇక్కడ సాగుతోంది, అంతేగానీ ఇక్కడ ప్రధాన సంఖ్యలు విరివిగా దొరుకుతాయని కాదు. ల్యూకా చేత్తో తేల్చిన, 2 పవర్ 127 లోంచి 1 తీస్తే వచ్చే 39 అంకెల సంఖ్య 1951 దాకా రికార్డుగా నిలిచింది. ఆ మరుసటి ఏడాదే కంప్యూటర్ ఈ పరీక్షతో ఐదు కొత్తవి పట్టింది.

బ్యాంకు లావాదేవీల భద్రతకీ ప్రధాన సంఖ్యలు వాడతారు గానీ ఇంత పెద్దవి అక్కర్లేదు, అక్కడ కొన్ని వందల అంకెలవి సరిపోతాయి. 2024 నాటిదాంతో కలిపి ఈ ఆకారంలో దొరికినవి 52. ఇవి ఎక్కడో ఆగిపోతాయా, అంతులేకుండా వస్తూనే ఉంటాయా అన్నది ఇప్పటికీ ఎవరూ నిరూపించలేదు.