1863 అని ఉంటే చాలా? అమెరికా అంతర్యుద్ధ టోకెన్లపై అపోహలు - వాస్తవాలు

అపోహ: టోకెన్ మీద 1863 అని ఉంది కాబట్టి అరుదైనది.

అమెరికాలోని మనవాళ్లు నాకు ఫోటోలు పంపి పదేపదే అడిగేది ఇదే. అసలు సంగతి పూర్తిగా వేరు. యుద్ధభయంతో జనం ముందు బంగారం, వెండి నాణేలను, 1862లో సెంట్లను కూడా దాచేసుకున్నారు. చిల్లర లేక బేరాలు ఆగిపోతుంటే వర్తకులు సెంటుకు బదులుగా చెల్లే బిళ్లలను, అంటే టోకెన్లను, సొంతంగా వేయించుకున్నారు. మొత్తం రెండున్నర కోట్లు ఉంటాయని అంచనా. వాటిలో అత్యధికం 1863 నాటివే. సంవత్సరం చూసి డబ్బు పెట్టకండి!

చూడవలసినది వర్తకుడి పేరు, ఊరు, రెండు వైపుల అచ్చుల జత. న్యూయార్క్ మద్యం వ్యాపారి లిండెన్‌ముల్లర్ ఒక్కరే పది లక్షలకు పైగా వదిలారని చెబుతారు. అవి ఇప్పటికీ సులువుగా దొరుకుతాయి. ఒహాయోలో ఏదో చిన్న ఊరి కొట్టు పేరున్న టోకెన్ అరిగిపోయినా వాటికన్నా ఎన్నో రెట్లు పలకవచ్చు. ఈ టోకెన్ల రకాలను, అరుదుతనాన్ని నమోదు చేసిన ఫుల్డ్ కేటలాగ్‌లో ఆర్-1 అంటే ఐదు వేలకు పైగా మిగిలినవి, ఆర్-10 అంటే ఒకే ఒక్కటి. అయితే ఆర్-8 అని, అంటే చాలా అరుదని రాసి ఉన్నా, ఆ రకాన్ని వెతికేవాళ్లు లేకపోతే ధర రాదు. ఇవేవీ చెప్పకుండా ‘మీ ఇంట్లో వేల డాలర్లు’ అని ఊదరగొట్టే వీడియోలంటే నాకు ఒళ్లు మంట.

ఒక కుర్రాడు నాణేలు సేకరించే తండ్రికి కానుకగా రాజమండ్రి తీసుకెళ్లాలని ‘ఆర్మీ అండ్ నేవీ’ అని రాసి ఉన్న టోకెన్ ఒకటి కొన్నాడు. అతి సాధారణమైన రకం. ఇచ్చిన ధర మాత్రం దాని విలువకు చాలా రెట్లు. విషయం చెప్పగానే అతని గొంతు వణికింది. “సరుకు అసలైనదే బాబూ, నాన్నగారికి తప్పకుండా ఇవ్వు” అన్నాను. కొనేముందు ఒక్క ఫోటో పంపి ఉంటే బాగుండేది.

‘నాట్ వన్ సెంట్’ (ఒక సెంటు కాదు) అని ఉన్నంత మాత్రాన టోకెన్ నకిలీ కాదు. అసలు సెంటు అని అమ్ముతున్నారన్న నింద రాకుండా ‘నాట్’ను చిన్న అక్షరాల్లో చేర్చేవారు. ఈ టోకెన్లను దగ్గర ఉంచుకోవడం నేరమూ కాదు. 1864 చట్టాలు నిషేధించింది అలాంటివి ముద్రించి చలామణీ చేయడాన్ని. ఇక మెరుపు కోసం చింతపండు, టూత్‌పేస్టు జోలికి వెళ్లకండి. తోమిన రాగి టోకెన్‌కు సగం ధర కూడా ఇవ్వరు.