అసైన్‌మెంట్లలో 25కి 25, పరీక్షలో ఫెయిల్: ఎన్‌పీటెల్ కోర్సుల మీద అపోహలు - వాస్తవాలు

ఆరేళ్లుగా మా ఇంజనీరింగ్ కాలేజీలో ఎన్‌పీటెల్ కోర్సులు, అంటే ఐఐటీలు, ఐఐఎస్సీ కలిసి నడిపే ఆన్‌లైన్ కోర్సులు చేసే పిల్లలకు మెంటార్‌గా ఉంటున్నాను. ప్రతి జనవరికీ, ప్రతి జులైకీ కొత్త బ్యాచ్ వస్తుంది, ప్రశ్నలు మాత్రం పాతవే. ఒకసారి రాసి పెట్టేస్తే నా గొంతుకైనా విశ్రాంతి.

అపోహ: అసైన్‌మెంట్లలో ఫుల్ మార్కులొస్తే పాసైపోయినట్టే.

ఎక్కువమందిని ముంచేది ఇదే. అసైన్‌మెంట్లకు 25, పరీక్షకు 75 మార్కులు. పాసవ్వాలంటే ఇక్కడ 10, అక్కడ 30, రెండూ విడివిడిగా రావాలి, ఒకవైపు ఎక్కువొచ్చిందని రెండోవైపు కలపరు. ఒకబ్బాయికి అసైన్‌మెంట్లలో 25కి 25 వచ్చాయి. ఎలాగంటే, గడువుకు ముందురోజు టెలిగ్రామ్ గ్రూపులో జవాబులు పడేవి, పది నిమిషాల్లో టిక్కులు పెట్టేసి క్రికెట్‌కి పోయేవాడు. పరీక్షలో 21. "మొత్తం 46 కదా సార్, 40 దాటింది కదా" అని వచ్చాడు. ఏం చెప్పను? సర్టిఫికెట్ రాలేదు. అదే బ్యాచ్‌లో ఒకమ్మాయి సొంతంగా కుస్తీపడి 17 తెచ్చుకుంది. తప్పు పోయిన ప్రతి ప్రశ్ననీ, గడువు అయ్యాక పెట్టే సొల్యూషన్ చూసి, మళ్లీ దాన్ని మూసేసి నోట్సులో మొదటినుంచీ చేసేది. పరీక్షలో 58 వచ్చి మొత్తం 75 అయింది, ఎలైట్ ప్లస్ సిల్వర్ (75 నుంచి ఇచ్చే పైస్థాయి సర్టిఫికెట్). అన్నట్టు, ఆ అబ్బాయికి కలిసొచ్చింది గానీ, ఆ గ్రూపుల్లో వచ్చే జవాబులు చాలాసార్లు తప్పులే.

అపోహ: ఆన్‌లైనే కదా, వీలున్నప్పుడు చూసుకోవచ్చు.

వీడియోకి వీలుంటుంది, గడువుకి ఉండదు. 12 వారాల కోర్సులో వారానికి సుమారు రెండున్నర గంటల వీడియో ఉంటుంది, కానీ మధ్యమధ్య ఆపి, రాసుకుని, లెక్క మనమే చేసి చూస్తే నాలుగైదు గంటలు పడుతుంది. అవి ఏ రోజు, ఏ గంట అని ముందే పెట్టుకోని వాళ్లెవరూ నాకు తెలిసి బాగా చేయలేదు, మంచం మీద పడుకుని చూసినవాళ్లైతే అసలే చేయలేదు. ఊరట ఏమిటంటే 12 అసైన్‌మెంట్లలో బాగా వచ్చిన 8 మాత్రమే లెక్కలోకి తీసుకుంటారు. ఆ నాలుగు వారాల వెసులుబాటుని మిడ్ పరీక్షలకీ, జ్వరాలకీ, దసరాకీ దాచుకోవాలి, మనవాళ్లేమో మొదటి నెలలోనే ఖర్చుపెట్టేస్తారు. గడువులోపు ఎన్నిసార్లైనా సబ్మిట్ చేయొచ్చు, చివరిదే లెక్క. కాబట్టి వచ్చినంతవరకు ముందే పెట్టేయండి, గడువు రోజు రాత్రి 11:55కి "నెట్ పోయింది సార్" అని నాకు ఫోన్ చేసి లాభం లేదు.

అపోహ: పరీక్ష కూడా ఇంట్లోనే.

కాదు. హాల్ టికెట్ తీసుకుని సెంటర్‌కి వెళ్లి, కంప్యూటర్ ముందు మూడు గంటలు కూర్చుని రాయాలి. కోర్సులో చేరడం ఉచితం, పరీక్షకి మాత్రం విడిగా రిజిస్టర్ అయి ఫీజు కట్టాలి. చేరాం కదా అని ఊరుకుని, ఆ తేదీ దాటాక ఏడ్చేవాళ్లు ప్రతిసారీ ఇద్దరు ముగ్గురు ఉంటారు.

అపోహ: ఎన్ని కోర్సులు చేస్తే అంత మంచిది.

ఒకటి చాలు. బ్యాక్‌లాగులు లేకపోతే రెండు, అదీ రెండు పరీక్షలూ ఒకే సెషన్‌లో పడటం లేదని చూసుకున్నాకే. డిగ్రీలో కలిసే క్రెడిట్ల కోసం చేస్తుంటే, మీ యూనివర్సిటీ ఆ కోర్సుని ఒప్పుకుంటుందో లేదో చేరకముందే అడగండి. 2021 యూజీసీ నిబంధనల ప్రకారం సెమిస్టర్‌లోని కోర్సుల్లో 40 శాతం దాకా స్వయం (కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక, ఎన్‌పీటెల్ కోర్సులూ అందులోవే) ద్వారా తీసుకోవచ్చు, అలాగని మీ కాలేజీ ఏ కోర్సైనా ఒప్పుకోవాలని లేదు. సర్టిఫికెట్ల సంఖ్య పెంచుకోవడానికి పిల్లలందర్నీ గంపగుత్తగా చేర్పించే కాలేజీలూ ఉన్నాయి, ఆ గోల వేరే.

అపోహ: ఆ ఇంగ్లిష్ మనకి ఎక్కదు.

మొదటి రెండు వారాలు అందరికీ అంతే. ముందు ట్రాన్స్‌క్రిప్ట్ చదివి, ఆ తర్వాత వీడియో చూడండి, తేడా మీకే తెలుస్తుంది. చాలా కోర్సులకి తెలుగు అనువాదం కూడా ఉంది, ఎవరూ తెరిచి చూడరు. ఇక ఫోరంలో డౌట్ అడగాలంటే సిగ్గు. అడిగినా "ఈ లెక్చర్ అర్థం కాలేదు సార్" అంటారు, దానికి ఎవరేం చెప్తారు? మూడో వారం, రెండో లెక్చర్, పద్నాలుగో నిమిషంలో ఈ స్టెప్పు ఎలా వచ్చింది అని అడగండి. అలా రాస్తుండగానే సగంమందికి జవాబు తట్టేస్తుంది. తట్టినా సరే పోస్ట్ చేయండి, అదే స్టెప్పు దగ్గర ఆగిపోయినవాళ్లు ఇంకా ఉంటారు.