ప్రళయం ఒక్క రాత్రే, కథ ఆ తర్వాతది

లోకం అంతమయ్యాక మిగిలిన నలుగురు ఎలా బతికారో ఊపిరి బిగపట్టించి చెప్పే నవలలంటే మన కుర్రకారుకీ మోజే. డబ్బిచ్చి టెన్షన్ కొనుక్కోవడం ఎందుకని పెద్దవాళ్లు విసుక్కుంటారు. గోదావరి డెల్టాలో మాత్రం ఆ టెన్షన్ కొనుక్కునేది కాదు, ఏటా ఆగస్టులో ఉచితంగానే వస్తుంది.

ఈ కోవ కథల వెనక ఒక అగ్నిపర్వతం ఉంది. 1815లో ఇండోనేషియాలో తంబోరా బద్దలైంది. మరుసటి ఏడు యూరప్‌కి ఎండాకాలమే రాలేదు, పంటలు పోయాయి. ఆ ఏడు జెనీవా సరస్సు ఒడ్డున వానకి ఇల్లు కదలలేకపోయిన ఇంగ్లీషు రచయిత్రి మేరీ షెల్లీ, పదేళ్లకి 1826లో, మహమ్మారికి అందరూ పోయి ఒక్కడే మిగిలే 'ది లాస్ట్ మ్యాన్' నవల తెచ్చింది. 1945లో హిరోషిమా తర్వాత ప్రళయం మనిషి చేతిలోకే వచ్చింది, ఇలాంటి నవలలూ జోరందుకున్నాయి.

ప్రళయం మనకేమీ కొత్త కాదు. పోతన భాగవతంలోనూ సత్యవ్రతుడు ఓడెక్కుతాడు. కానీ అక్కడ సస్పెన్స్ ఏది? ఓడ పంపింది దేవుడు, చేపై లాగేది దేవుడు, విత్తనాలూ అందులోనే ఉన్నాయి. ఈ నవలల్లో ఏ చేపా రాదు. అగ్గిపెట్టెలో పుల్లలెన్నో లెక్కపెట్టుకోవాలి. నా మట్టుకు ఆ లెక్కే వీటికి ప్రాణం, లేచి తిరిగే శవాలు, ఆ జాంబీలన్నీ పైమెరుగులే.

ఆ లెక్క గోదావరి నడుమ దీవుల్లాంటి లంక గ్రామాలకి బాగా తెలుసు. ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 10 లక్షల క్యూసెక్కులకి చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక. పశువులని ఏటిగట్టు మీదికి తోలతారు. 13 లక్షలకి రెండోది. బియ్యం బస్తా, గ్యాస్ బండ డాబా ఎక్కుతాయి. అగ్గిపెట్టె, టార్చిలైటు ప్లాస్టిక్ కవర్లో మూటవుతాయి. 17 లక్షలకి మూడోది. ఇక పడవ కోసం ఎదురుచూపే. చుట్టూ నీళ్లే, తాగడానికి బిందెడు ఉండవు.

ఇంకా వెనక్కి వెళితే 1789లో, మళ్లీ 1839లో కోరంగిని ఉప్పెన ముంచేసింది. ఓడల రేవుగా వెలిగిన ఊరు మళ్లీ ఆ స్థితికి రాలేదు. 1996 నవంబరు 6 తుపాను కోనసీమ కొబ్బరిని నేలమట్టం చేసింది. గాలివాన ఒక్క రాత్రి. కొత్త మొక్క కాపుకొచ్చేదాకా కొన్నేళ్లు. అన్నాళ్లూ ఆ ఇళ్లు ఎలా గడిచాయన్నదే అసలు నవల.

వారపత్రికల సీరియళ్ల కాలంలో డిటెక్టివులు, ఆ తర్వాత చేతబడులు తెలుగు పాఠకుణ్ణి వచ్చే వారందాకా ఉగ్గబట్టుకునేలా చేశాయి. ప్రళయం తర్వాతి కథలు మాత్రం మనకి బాగా తక్కువ. సరుకు లేక కాదు. వరద ఒక లంకని కోసేసి ఇంకోచోట మేట వేస్తుంది. సరిహద్దు రాళ్లు లేని ఆ కొత్త మట్టిలో ముందు నాగలి దింపేదెవరు? తాసీల్దారు కచేరీ, పోలీసు స్టేషనూ కూడా మునిగిపోయిన చోట ఆ తగువు తీర్చేదెవరు?