కంచె కట్టే ఔల్‌ఫ్లైది ఏ కుటుంబం?

కరీబియన్‌లోని సెయింట్ విన్సెంట్ దీవిలో పుట్టిన లాన్స్‌డౌన్ గిల్డింగ్ చర్చి పాస్టర్. పురుగులంటే మహా పిచ్చి. 1820ల్లో ఆయన తన దీవిలోని ఒక ఔల్‌ఫ్లైకి (తూనీగలా కనిపించే రెక్కల పురుగు) అస్కలాఫస్ మాక్లియానస్ అని పేరు పెట్టి, లండన్‌లోని లిన్నియన్ సొసైటీ పత్రికలో వర్ణించాడు. ఇప్పుడు దాన్నే యులులోడిస్ మాక్లియానస్ అంటున్నారు. ఇన్నేళ్ళయినా దాన్ని ఎక్కడ చేర్చాలన్న తగువు మాత్రం తెగలేదు.

అసలు ఔల్‌ఫ్లైలంటేనే తికమక. ఎగురుతుంటే అచ్చం తూనీగ. దగ్గరికెళ్ళి చూస్తే పొడవాటి మీసాలు, వాటి కొసన సీతాకోకచిలుకకున్నట్టే చిన్న బుడిపె. అందుకే 1763లో స్కోపోలి అనే శాస్త్రవేత్త ఒక ఐరోపా ఔల్‌ఫ్లైని ఏకంగా సీతాకోకచిలుకల్లో కలిపేశాడు. 1775లో ఫాబ్రిసియస్ అనే మరో శాస్త్రవేత్త వీటికి అస్కలాఫస్ అనే వేరే ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు) ఏర్పాటు చేశాడు.

గిల్డింగ్‌కి ఒక సౌకర్యం ఉంది. ఆయన ఉండేది పురుగు ఉండే చోటే. ఆడది చిట్టికొమ్మ చివర వరసలుగా గుడ్లు పెట్టి, వాటికి దిగువన కొమ్మ చుట్టూ సన్నటి పుల్లల్లాంటివి గుండ్రంగా అంటించడం గమనించి రాశాడు. ఆ పుల్లలూ తల్లి కడుపులోంచి వచ్చేవే, గుడ్లు కాలేకపోయినవి. గుడ్ల కోసం కొమ్మెక్కే చీమలకి అదే కంచె. దగ్గరి బంధువుల్లో ఈ కంచె పనితీరును చార్లెస్ హెన్రీ 1972లో వివరంగా రాశాడు.

తర్వాత వర్గీకరించినవాళ్ళలో చాలామందికి దొరికింది సూది గుచ్చి ఎండబెట్టిన పురుగులే. ఎండితే రంగు మారుతుంది, కొమ్మమీద పొట్ట పైకెత్తి ఎండుపుల్లలా కూర్చునే తీరు కనిపించదు. మిగిలేది రెక్కల ఈనెలు, మీసాలు, గాడితో రెండుగా చీలినట్టుండే కన్ను. ప్రజాతిని పట్టుకోవడానికి ఇవి సాయపడతాయి గానీ, జాతి దగ్గరికొచ్చేసరికి చిక్కే. రాంబుర్ 1842లో పెట్టిన యులులా అనే ప్రజాతి పేరు అప్పటికే నిజం గుడ్లగూబలకి ఉండటంతో, 19వ శతాబ్దం చివర్లో కర్రీ దాన్ని యులులోడిస్‌గా మార్చాడు. 1908లో వాన్ డెర్ వీలె అమెరికా ప్రధాన భూభాగంలోని ఇలాంటి పురుగులకి హగెనీ అని పేరు పెట్టాడు. అది వేరే జాతా, దీవి జాతిలో ఉపజాతా? జాబితాని బట్టి జవాబు మారుతూ వచ్చింది.

ఇంతలో ప్రజాతులన్నిటికీ పైనుండే కుటుంబం అనే అంతస్తే కదిలింది. 2019లో మచాడో బృందం వందలాది జన్యుభాగాలు పోల్చి, ఔల్‌ఫ్లైలు వేరే కుటుంబం కాదు, యాంట్‌లయన్లలోనే ఒక శాఖ అని తేల్చింది. ఇసుకలో గుంట తవ్వి చీమల కోసం కాచుకునేది యాంట్‌లయన్ పిల్లే. ఔల్‌ఫ్లై పిల్ల మాత్రం గుంట తవ్వదు, దవడలు బార్లా తెరిచి ఆకుల చెత్తలో కదలకుండా ఉంటుంది. అదే ఏడాది వచ్చిన జోన్స్ అధ్యయనం ఔల్‌ఫ్లైల కుటుంబమైన అస్కలాఫిడేని అలాగే ఉంచింది. ఈ రెంటిలో నాకు మచాడో వాదనే గట్టిగా అనిపిస్తుంది.

కుటుంబం సంగతి ఎటు తేలినా హగెనీ చిక్కు వీడదు. గిల్డింగ్ మొదట వర్ణించింది సెయింట్ విన్సెంట్ పురుగునే గనక మాక్లియానస్ అన్న పేరు ఆ దీవితో ముడిపడింది. కాబట్టి ప్రధాన భూభాగపు పురుగుని, అంటే ఫ్లోరిడా లాంటి చోట దొరికేదాన్ని, దానితో పోల్చాలంటే ముందు ఆ దీవి పురుగే చేతిలో ఉండాలి.