రాడార్ కంట్లో రేకు దుమ్ము
పొడవు 27 సెంటీమీటర్లు, వెడల్పు 2 సెంటీమీటర్లు. మామూలు కాగితం ముక్క. ఒకవైపు పల్చటి అల్యూమినియం రేకు అంటించి ఉంటుంది. రెండోవైపు నల్లరంగు, సెర్చిలైటు పడినప్పుడు మెరిసి దొరికిపోకుండా. ఇలాంటివి రెండు వేలకు పైగా కలిపి ఒక కట్ట కట్టేవారు. రెండో ప్రపంచ యుద్ధంలో, 1943 జూలై 24 అర్ధరాత్రి దాటాక జర్మనీలోని హాంబర్గ్ మీదికి వెళ్లిన 791 బ్రిటిష్ బాంబర్లు ఆ కట్టల్ని నిమిషానికొకటి చొప్పున కిందికి జారవిడిచాయి.

కింద రాడార్ల ముందు కూర్చున్నవాళ్లకు కాసేపట్లో ఏమీ పాలుపోలేదు. తెర మీద వందల విమానాలు కాదు, వేలు కనిపిస్తున్నాయి. ఏది నిజమో, ఏది కాదో తెలియదు. రాడార్ చెప్పినచోటికి గురిపెట్టాల్సిన ఫిరంగులు గుడ్డిగా పేల్చాయి. అప్పటిదాకా అలాంటి దాడుల్లో నూటికి నాలుగైదు విమానాలు కూలడం మామూలు. ఆ రాత్రి 791లో పోయినవి 12. అయితే కింద ఉన్న ఊరి సంగతి వేరు. ఆ వారం పది రోజుల దాడుల్లో హాంబర్గ్‌లో 30,000 మందికి పైగా చనిపోయారు. కాగితం ముక్కల తెలివిని మెచ్చుకునేటప్పుడు ఈ లెక్కను పక్కన పెట్టడం నాకు చేతకాదు.

ఇంతకీ 27 సెంటీమీటర్లే ఎందుకు? జర్మన్ల వూర్ట్స్‌బర్గ్ రాడార్ సుమారు 560 మెగాహెర్ట్జ్ మీద పనిచేసేది. అంటే దాని తరంగదైర్ఘ్యం, అదే ఒక అల శిఖరం నుంచి తర్వాతి శిఖరానికి ఉన్న దూరం, దాదాపు 54 సెంటీమీటర్లు. అందులో సగం 27. రేడియో తరంగం తగిలినప్పుడు రేకులోని ఎలక్ట్రాన్లు ఈ చివరి నుంచి ఆ చివరికి కదులుతాయి. రేకు పొడవు సరిగ్గా సగం తరంగమైతే, అవి వెనక్కి తిరిగే వేళకే తరంగం కూడా దిశ మార్చి వాటిని అటే తోస్తుంది. ఉయ్యాలను సమయం చూసి ఊపడం లాంటిదే ఇది. పెద్ద బలం అక్కర్లేదు, వేళ కుదిరితే చాలు. అలా ఊగే ఎలక్ట్రాన్లు మళ్లీ రేడియో తరంగాల్ని వెదజల్లుతాయి. రేకు ముక్క చిన్న యాంటెన్నా అయిపోతుంది. తన కొలతకు ఎన్నో రెట్ల ప్రతిధ్వనిని తిప్పి పంపుతుంది. విడిపోయిన ఒక్క కట్ట రాడార్ కంటికి ఒక పెద్ద బాంబర్‌తో సమానం. పాపం రాడార్ ఆకారాన్ని చూడదు కదా! ఎంత సేపటికి, ఎంత బలంగా ప్రతిధ్వని తిరిగొచ్చిందన్నదే దానికి తెలుసు.

బ్రిటన్‌లో ఈ ముక్కల మీద ప్రయోగాలు చేసి ఒక కొలిక్కి తెచ్చింది జోన్ కరన్ అనే భౌతిక శాస్త్రవేత్త. 1942 నాటికే పద్ధతి సిద్ధమైంది. పెట్టిన పేరు ‘విండో’. కానీ ఏడాదికి పైగా వాడలేదు. ఒకసారి చల్లితే చాలు, మర్నాడు పొద్దున జర్మన్లు పొలాల్లో ఏరుకుని, అవే కత్తిరించి లండన్ మీద చల్లుతారని భయం. తమాషా ఏమిటంటే జర్మన్లకూ ఈ విద్య అప్పటికే తెలుసు. వాళ్లు దాన్ని ‘డ్యూపెల్’ అనేవారు. బ్రిటిష్‌వాళ్లు నేర్చేసుకుంటారేమోనన్న అదే భయంతో వాళ్లూ దాచిపెట్టారు. అటు జపాన్ నౌకాదళం తనంతట తానే కనిపెట్టుకున్న ‘గిమాన్‌షి’ని, అంటే మోసపు కాగితాన్ని, 1943 మధ్యలో సోలమన్ దీవుల దగ్గర వాడింది. సగం తరంగం లెక్క తెలిసిన ఎవరికైనా తట్టే ఆలోచనే ఇది. దాన్ని అంత పెద్ద రహస్యం అనుకోవడమే నాకు వింతగా తోస్తుంది.

జర్మన్లు చేతులు కట్టుకుని కూర్చోలేదు. గాల్లోకి వదిలిన రేకు క్షణాల్లో వేగం కోల్పోయి గాలివాటున తేలుతుంది, విమానం మాత్రం దూసుకుపోతూనే ఉంటుంది. కదిలే వస్తువు నుంచి వచ్చే ప్రతిధ్వని పౌనఃపున్యం, అంటే సెకనుకు ఎన్ని అలలన్న లెక్క, కాస్త మారుతుంది. ఇదే డాప్లర్ ప్రభావం. దీని ఆధారంగా రేకునూ విమానాన్నీ వేరుచేసే పరికరాలను పాత రాడార్లకు తగిలించారు. రాత్రిపూట ఎగిరే యుద్ధ విమానాలకు ఎస్‌ఎన్-2 అనే కొత్త రాడార్ బిగించారు. దాని తరంగదైర్ఘ్యం మూడు మీటర్లకు పైనే. 27 సెంటీమీటర్ల ముక్క దాన్నేం చేస్తుంది? ఆ సంగతి బ్రిటిష్‌వాళ్లకు చాలాకాలం అంతుచిక్కలేదు. 1944 జూలైలో ఒక జర్మన్ పైలట్ దారి తప్పి, తమదే అనుకుని ఇంగ్లండ్‌లోని వుడ్‌బ్రిడ్జ్ విమానాశ్రయంలో దిగేశాడు. విమానంతో పాటు రాడార్ కూడా చేతికి చిక్కింది. కొద్ది రోజుల్లోనే బాంబర్ల నుంచి పొడవాటి రేకులు రాలడం మొదలైంది.

ఇప్పుడు దీన్ని ‘చాఫ్’ అంటున్నారు. కాగితం పోయి, అల్యూమినియం పూత పూసిన వెంట్రుకంత గాజుపోగులు వచ్చాయి. ఒకే పొట్లంలో రకరకాల పొడవులు కలిపి పెడతారు, ఎదుటి రాడార్ ఏ తరంగం వాడినా ఏదో ఒకటి సరిపోతుందని. సైనిక విన్యాసాల్లో వదిలిన ఈ పోగులు గంటల తరబడి గాల్లో తేలుతుంటాయి. అమెరికాలో వాతావరణ రాడార్ల తెర మీద ఒక్కోసారి వానలా కనిపించేది ఇవే. బయట చూస్తే ఒక్క మబ్బు కూడా ఉండదు.