వంతు పోయింది, వేతనం వచ్చింది

ఆంధ్రప్రదేశ్‌లో పాస్టర్ల గౌరవ వేతనం మీద రగడ మళ్లీ రాజుకుంది. గుడి సొమ్ము చర్చికి పోతోందని ఒకరు, అర్చకులకు ఇవ్వగా లేనిది పాస్టర్లకు ఇస్తే తప్పేమిటని ఇంకొకరు. 2025లో గుడ్ ఫ్రైడే వేళ కూటమి ప్రభుత్వం 8,427 మంది పాస్టర్లకు నెలకు 5 వేల లెక్కన ఏడు నెలల మొత్తం, అంటే సుమారు 30 కోట్లు విడుదల చేసింది. ఈ హామీ మొదట 2019 ఎన్నికల్లో వైసీపీ ఇచ్చింది. అప్పట్లో దీన్ని తప్పుపట్టిన బీజేపీ ఇప్పుడు డబ్బు ఇచ్చిన కూటమిలో భాగస్వామి.

ఈస్టిండియా కుంఫిణీ కాలంలో గుళ్ల అజమాయిషీ, 1925 నాటి మద్రాసు దేవాదాయ చట్టం, 1966 నాటి ఆంధ్రప్రదేశ్ దేవాదాయ చట్టం వంటివి చాలాసార్లు చెప్పుకున్నవే కాబట్టి వాటిని దాటేద్దాం. ఇవాళ్టి గొడవకు వేరు 1987లో ఉంది.

ఆ ఏడాది ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన 30వ నంబరు దేవాదాయ చట్టం, జస్టిస్ చల్లా కొండయ్య కమిషన్ సిఫారసుల మీద రూపుదిద్దుకుంది. దాని 34వ సెక్షన్ అర్చకుల వంశపారంపర్య హక్కును రద్దు చేసింది. 144వ సెక్షన్ హుండీలో, రుసుముల్లో వారి వాటాలను, అంటే వంతులను, తీసేసింది. 1984లో వంశపారంపర్య గ్రామాధికారులైన కరణాలను, మునసబులను ఇంటికి పంపిన ప్రభుత్వానికి మిరాశీ, అంటే తరతరాల హక్కు, అన్న మాటే గిట్టలేదు. తిరుమలలో పైడిపల్లి, గొల్లపల్లి, పెద్దింటి, తిరుపతమ్మ కుటుంబాల మిరాశీ కూడా దాంతో పోయింది. అర్చకులు సుప్రీంకోర్టుకు వెళ్లారు. 1996లో నారాయణ దీక్షితులు కేసులో తీర్పు ప్రభుత్వం పక్షాన వచ్చింది. పూజ మతపరమైనదే, కానీ పూజారిని నియమించడం లౌకిక వ్యవహారం అన్నది అందులోని సారాంశం.

చదవడానికి ఇది న్యాయంగానే కనిపిస్తుంది. పెద్ద గుళ్లలో కొన్ని కుటుంబాలు దేవుడి ఆదాయాన్ని పంచుకున్న మాట అబద్ధమేమీ కాదు. కానీ చట్టం తిరుమలను చూసి రాసినది, అమలైంది మాత్రం ప్రతి ఊళ్లోనూ. ఏడాదికి రెండు లక్షల ఆదాయం కూడా రాని గుళ్లను దేవాదాయ శాఖ భాషలో 6సీ ఆలయాలంటారు. అక్కడ హుండీ పేరుకే ఉంటుంది. మాన్యం భూమి కౌలుదారు చేతిలోనో కబ్జాలోనో ఉంటుంది. అర్చకుడికి వంతు పోయింది, దాని బదులు ఇవ్వాల్సిన జీతం రాలేదు. పళ్లెంలో పడే చిల్లరతో, పెళ్లిళ్లలో దక్కే సంభావనతో బతికినవాళ్లు బతికారు, మిగిలినవాళ్లు హైదరాబాదుకో విజయవాడకో వలస పోయారు. దీపం పెట్టే మనిషి లేక ఎన్ని ఊళ్లలో గుడి తలుపు మూతపడిందో పల్లెల్లో తిరిగినవాళ్లకు తెలుసు.

అసలు మలుపు ఇదే. అప్పటిదాకా అర్చకుడికి అన్నం పెట్టింది గుడి. 1987 తర్వాత ఆ బాధ్యత ప్రభుత్వానిదన్న భావన స్థిరపడింది. గుడి ఆదాయాన్ని తన పర్యవేక్షణలో పెట్టుకున్న ప్రభుత్వం, ఆదాయంలేని గుడి విషయంలో చేతులు దులుపుకోలేకపోయింది. 2007లో వైఎస్ ప్రభుత్వం ధూప దీప నైవేద్యం పథకం పెట్టి చిన్న గుళ్లకు నెలకు 2,500 ఇవ్వడం మొదలుపెట్టింది. అదే ఏడాది చట్టాన్ని సవరించి వంశపారంపర్య హక్కును కొంత వెనక్కి ఇచ్చింది. దాని అమలు ఉత్తర్వులు మాత్రం 2019 అక్టోబరులో గాని రాలేదు!

పూజారికి నెలనెలా ఇస్తున్నారని తెలిశాక పక్క వీధి ఊరుకుంటుందా? 2014 తర్వాత చంద్రబాబు ప్రభుత్వం మసీదులో నమాజు చేయించే ఇమామ్‌లకు నెలకు 5 వేలు, అజాన్ ఇచ్చే మౌజన్‌లకు 3 వేలు ఇచ్చింది. జగన్ ప్రభుత్వం వాటిని 10 వేలు, 5 వేలు చేసి, పాస్టర్లను కూడా చేర్చింది. 2024లో మళ్లీ వచ్చిన చంద్రబాబు, అప్పటికి 5 వేలకు చేరిన ధూప దీప నైవేద్యాన్ని 10 వేలకు పెంచారు. ఏ ప్రభుత్వమూ ఒకరికి పెట్టిన చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

ఇక రాజ్యాంగం సంగతి. ఒక మతాన్ని పోషించడానికే కేటాయించిన పన్నును కట్టమని ఎవరినీ బలవంతపెట్టకూడదని 27వ అధికరణ అంటుంది. హజ్ యాత్రికులకు కేంద్రం ఇచ్చిన సబ్సిడీ మీద మాజీ రాజ్యసభ సభ్యుడు ప్రఫుల్ గొరాడియా వేసిన కేసులో 2011లో సుప్రీంకోర్టు ఈ అధికరణను వదులుగా చదివింది. వసూలైన పన్నులో గణనీయమైన భాగం ఒక మతానికి పోతేనే ఉల్లంఘన, చిన్న మొత్తమైతే కాదంది. అదే కోర్టు మరుసటి ఏడాది ఆ సబ్సిడీని పదేళ్లలో ఎత్తేయమంది. 2018లోనే కేంద్రం ఎత్తేసింది. అన్నట్టు, కేరళ, తమిళనాడు ప్రభుత్వాలు దేవస్వం నిధులకు, అంటే గుళ్ల నిర్వహణ నిధులకు, ఏటా సొమ్ము చెల్లించాలని 290ఎ అధికరణలో రాజ్యాంగమే రాసుకుంది.

హుండీ డబ్బు పాస్టర్లకు పోతోందన్న ప్రచారం మాత్రం నిజం కాదు. వాళ్లకు వెళ్లేది ఖజానా సొమ్ము. ఆ 8,427 మందికి ఏడాదికి సుమారు 50 కోట్లు. 2025–26 రాష్ట్ర బడ్జెట్ 3.22 లక్షల కోట్లు. అంటే వంద రూపాయల్లో పైసన్నర.

పాస్టర్ల వాదన ఒకటుంది. పల్లె చర్చిల్లో ఎక్కువ భాగం దళితవాడల్లో ఉంటాయి, వాటికి మాన్యాలు లేవు, కానుకల సంచిలో పడేది కూలివాళ్ల చిల్లర. అది నిజమే. కానీ చర్చి ఆదాయాన్ని ప్రభుత్వం ఎన్నడూ తన చేతిలోకి తీసుకోలేదు, పాస్టరు నియామకాన్ని లౌకిక వ్యవహారం అనలేదు. అర్చకుడికి ఇచ్చేది, పోగొట్టిన వంతుకు ఆలస్యంగా కడుతున్న బాకీ. పాస్టరుకు ఇచ్చేది ఎన్నికల హామీ. రెండూ ఇప్పుడు ఒకే పేరుతో, గౌరవ వేతనంగా, వార్తల్లో పక్కపక్కనే వస్తున్నాయి.